ఇండక్షన్ స్టవ్‌లో కొత్తగా వేసిన ఐజీబీటీ మళ్లీ ఎందుకు పోతుంది?

మీరు అడిగిన విషయం ఇది. వంట మధ్యలో టప్‌మని శబ్దం చేసి మీ 2000 వాట్ల ఇండక్షన్ స్టవ్ ఆగిపోయింది. దగ్గరలోని మెకానిక్ ఫ్యూజు, ఐజీబీటీ (కాయిల్‌లోని కరెంటును వేగంగా ఆన్, ఆఫ్ చేసే పవరు ట్రాన్సిస్టరు) మార్చి ఇచ్చారు. ఇంటికి తెచ్చి కుక్కర్ పెట్టాక పావుగంట పనిచేసి, అదే శబ్దంతో మళ్లీ పోయింది. ఇప్పుడు బోర్డు మొత్తం మార్చాలని ఆయన అంటున్నారు. మీరు ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు చదివారు, మల్టీమీటరూ సోల్డరింగ్ ఐరనూ వాడటం వచ్చు. ఇది మీరే చూసుకోగల పనేనా అని మీ ప్రశ్న.

చూసుకోగలరు. అయితే మూడో ఐజీబీటీ కొనే ముందు, మొదటి రెండూ ఎందుకు పోయాయో తేల్చుకోవాలి. ఈ స్టవ్‌లలో ఐజీబీటీ పోవడం చాలాసార్లు ఫలితమే తప్ప కారణం కాదు. దాని చుట్టూ ఉన్న ఒక కెపాసిటరో, ఒక చిన్న రెసిస్టరో, ఫ్యానో ముందుగా చెడిపోతుంది. ఆ భారమంతా చివరికి ఐజీబీటీ మీద పడుతుంది. కాలిపోయినది కంటికి కనిపిస్తుంది కాబట్టి దాన్ని మార్చేస్తారు. కనిపించనిది బోర్డు మీదే ఉండిపోతుంది.

మూత విప్పే ముందు కొన్ని విషయాలు గట్టిగా గుర్తుంచుకోండి. ఈ బోర్డులో మెయిన్స్ సరఫరా నుంచి వేరుచేసిన భాగమంటూ సాధారణంగా ఏదీ ఉండదు. ఐదు వోల్టుల మీద నడిచే డిస్‌ప్లే కూడా లైనుతో నేరుగా సంబంధం ఉన్నదే. ఐజీబీటీకి గేటు, కలెక్టరు, ఎమిటరు అని మూడు కాళ్లు ఉంటాయి; గేటుకు ఇచ్చే వోల్టేజిని బట్టి కలెక్టరు నుంచి ఎమిటరుకు కరెంటు పారుతుంది. చాలా మోడళ్లలో ఐజీబీటీ వెనుక ఉండే లోహపు రేకే దాని కలెక్టరు. మధ్యలో కరెంటు పారకుండా ఆపే అబ్రకం ముక్క పెట్టకుండానే దాన్ని, వేడిని లాగేసే అల్యూమినియం హీట్ సింకుకు బిగిస్తారు. అంటే స్టవ్ నడుస్తున్నప్పుడు ఆ హీట్ సింకు మీద వెయ్యి వోల్టుల దాకా ఉండవచ్చు. వేడెక్కిందా లేదా చూద్దామని దాని మీద వేలు పెట్టడం ప్రాణాంతకం. ప్లగ్గు తీసిన తర్వాత కూడా 5 మైక్రోఫారడ్ల పెద్ద కెపాసిటర్‌లో ఛార్జి మిగిలి ఉండవచ్చు కాబట్టి, దాని రెండు కాళ్ల మధ్య 100 వాట్ల ఫిలమెంటు బల్బునో, కొన్ని కిలోఓంల 5 వాట్ల రెసిస్టరునో కాసేపు తగిలించి, మీటరుతో సున్నా చూసుకున్న తర్వాతే చెయ్యి పెట్టండి. స్క్రూడ్రైవరుతో షార్టు చేసే అలవాటు మంచిది కాదు. ఇంట్లో పిల్లలు తిరుగుతుంటే ఆ వేళకు ఈ పని పెట్టుకోవద్దు.

ఇక సర్క్యూటు పనితీరు కొంత తెలియకపోతే వెతకడం గుడ్డిగా సాగుతుంది. ప్లగ్గు నుంచి వచ్చే 230 వోల్టుల ఏసీ ఫ్యూజు దాటి బ్రిడ్జి రెక్టిఫయర్‌లో డీసీగా మారుతుంది. లోడు లేనప్పుడు 5 మైక్రోఫారడ్ల కెపాసిటర్ మీద అది దాదాపు 325 వోల్టులు ఉంటుంది. అక్కడి నుంచి రాగి కాయిల్ గుండా ఐజీబీటీ కలెక్టరుకు చేరుతుంది. కాయిల్‌కు సమాంతరంగా 0.27 లేదా 0.3 మైక్రోఫారడ్, 1200 వోల్టుల రెజొనెన్స్ కెపాసిటర్ ఉంటుంది. ఐజీబీటీ సెకనుకు ఇరవై వేల నుంచి ముప్పై వేల సార్లు ఆన్ అయి ఆఫ్ అవుతుంది. ఆన్‌లో ఉన్నంతసేపు కాయిల్‌లో కరెంటు పెరుగుతుంది. ఆఫ్ అయిన వెంటనే ఆ శక్తి కెపాసిటర్‌లోకి మళ్లి, కలెక్టరు దగ్గర వోల్టేజి వెయ్యి వోల్టుల చుట్టుపక్కలకు లేచి, తిరిగి కిందికి దిగుతుంది. అది పూర్తిగా దిగిన వేళ చూసి ఐజీబీటీ మళ్లీ ఆన్ కావాలి. ఆ వేళ ఎప్పుడో కనిపెట్టి చెప్పే పని ఎల్‌ఎం339 వంటి కంపారేటర్‌ది (రెండు వోల్టేజీలను పోల్చే ఐసీ), లేదా స్టవ్‌ను నడిపించే చిప్పైన మైక్రోకంట్రోలర్ లోపలే ఉన్న కంపారేటర్‌ది.

ఇంతవరకు అర్థమైతే ఐజీబీటీ ఏ ఏ దారుల్లో చస్తుందో మీకే తోస్తుంది. రెజొనెన్స్ కెపాసిటర్ విలువ తగ్గిపోతే అదే కరెంటుకు కలెక్టరు వోల్టేజి ఇంకా పైకి లేస్తుంది, 1200 వోల్టుల హద్దు దాటుతుంది. కంపారేటర్‌కు సమాచారం మోసే రెసిస్టర్లు చెడితే వోల్టేజి దిగకముందే ఐజీబీటీ ఆన్ అయి, కెపాసిటర్‌లోని శక్తినంతా తన లోపలే కాల్చుకుంటుంది. గేటుకు రావలసిన 18 వోల్టులు పన్నెండుకో పదికో పడిపోతే అది సగం తెరుచుకున్న స్థితిలో పనిచేసి విపరీతంగా వేడెక్కుతుంది. గేటుకు వోల్టేజి అందించే డ్రైవరు భాగం షార్టయి గేటు మీద వోల్టేజి అలాగే నిలిచిపోతే, కాయిల్ గుండా డీసీ నేరుగా పారి క్షణంలో పోతుంది. ఇవేవీ లేకపోయినా ఫ్యాను తిరగకపోతే, హీట్ సింకుకు సరిగ్గా అంటుకోకపోతే వేడికే పోతుంది.

అందుకే అది ఎప్పుడు పోయిందన్నది నేను మొదట అడిగే ప్రశ్న. ప్లగ్గు పెట్టగానే పోతే డ్రైవరు వైపు చూడాలి. గిన్నె పెట్టి మీట నొక్కగానే పోతే రెజొనెన్స్ కెపాసిటర్, కంపారేటర్ రెసిస్టర్ల వైపు చూడాలి. మీ స్టవ్ పావుగంట నడిచి పోయింది కాబట్టి నా అనుమానం ముందుగా వేడి మీద, 18 వోల్టుల సరఫరా మీద, ఆ తర్వాత బలహీనపడిన రెజొనెన్స్ కెపాసిటర్ మీద ఉంటుంది. అయినా మిగిలినవి చూడకుండా వదలకండి, ఎందుకంటే ఐజీబీటీ పేలినప్పుడు కలెక్టరులోని పెద్ద వోల్టేజి గేటు దారిన వెనక్కి తన్ని డ్రైవరును కూడా దెబ్బతీస్తుంది. మీ బోర్డు ఆ దెబ్బ రెండుసార్లు తిన్నది.

సరఫరా పూర్తిగా తీసేసి చేసే పరీక్షలతో మొదలుపెట్టండి. ఫ్యూజు గాజుదైతే దాన్ని వెలుతురుకు పట్టి చూడండి. గొట్టమంతా నల్లబడి, లోహం చిమ్మినట్లు ఉంటే లోపల గట్టి షార్టు జరిగిందని అర్థం. గాజు శుభ్రంగా ఉండి తీగ మధ్యలో మాత్రమే కరిగి ఉంటే, ఎక్కువ లోడు వల్లో పాతబడటం వల్లో పోయి ఉండవచ్చు. తర్వాత ఫ్యూజు పక్కన నీలం రంగు బిళ్లలా ఉండే వేరిస్టరును చూడండి. వీధిలో న్యూట్రల్ తెగినప్పుడు ఇంటికి 400 వోల్టుల దాకా రావచ్చు; అప్పుడు వేరిస్టరు తాను చీలి, షార్టయి, ఫ్యూజును ఊదేసి మిగతా బోర్డును కాపాడుతుంది. పగిలిన వేరిస్టరును పీకేసి, కొత్తది వేయకుండానే స్టవ్ నడిపించడం నేను చాలా బోర్డుల్లో చూశాను. స్టవ్ పనిచేస్తుంది, నిజమే; కానీ తర్వాతి సారి అడ్డుకునేది ఏదీ ఉండదు. ఫ్యూజు స్థానంలో రాగి పోగు కట్టడం కూడా ఇలాంటిదే. ఫ్యూజు మీద ఎన్ని ఆంపియర్లని రాసి ఉందో అంతే వేయండి.

బ్రిడ్జిని మీటరు డయోడు రేంజిలో పరీక్షించాలి. ఒక్కో ఏసీ కాలికీ ప్లస్, మైనస్ కాళ్లకూ మధ్య ఒక దిశలో 0.4 నుంచి 0.6 మధ్య, రెండో దిశలో ఓపెన్ చూపాలి. ఐజీబీటీని బోర్డు నుంచి విప్పి చూడటమే మంచిది. ముందు దాని గేటునూ ఎమిటరునూ ఒకసారి కలిపి వదలండి. గేటులో ఛార్జి నిలిచి ఉంటే మంచి ఐజీబీటీ కూడా షార్టయినట్లు కనిపిస్తుంది. ఎర్ర ప్రోబు ఎమిటరు మీద, నల్లది కలెక్టరు మీద పెడితే లోపలి డయోడు వల్ల ఇంచుమించు 0.4 నుంచి 0.6 చూపాలి. ప్రోబులు మారిస్తే ఓపెన్ చూపాలి. గేటుకూ మిగతా రెండు కాళ్లకూ మధ్య ఏ దిశలోనూ ఏమీ చూపకూడదు.

ఇప్పుడు ఐజీబీటీని పక్కన పెట్టి, అది కూర్చునే చోటు నుంచి వెనక్కి వెళ్లండి. గేటు దారిలో ఉండే పది ఓంల రెసిస్టరు, గేటుకూ ఎమిటరుకూ మధ్య ఉండే 18 వోల్టుల జీనరు (వోల్టేజి హద్దు దాటకుండా ఆపే డయోడు), అక్కడే ఉండే కొన్ని కిలోఓంల రెసిస్టరు, వాటి వెనుక ఎస్8050, ఎస్8550 అనే జంట ట్రాన్సిస్టర్లు: వీటన్నిటినీ ఒక్కొక్కటిగా కొలవండి. కొన్ని బోర్డుల్లో ఆ జంట స్థానంలో టీఏ8316 వంటి డ్రైవరు ఐసీ ఉంటుంది. జీనరు షార్టయి ఉంటే మిగతావి బాగున్నట్లు కనిపించినా ఆ జంటను మార్చేయండి. వాటి ధర చాలా తక్కువ, అవి తెచ్చిపెట్టే నష్టం పెద్దది.

ఆ తర్వాతి పరీక్షను ఎక్కువమంది చేయరు, అసలు దోషం చాలాసార్లు అక్కడే దొరుకుతుంది. కాయిల్ రెండు కొనల దగ్గర నుంచి, అంటే కలెక్టరు వైపు నుంచీ, 325 వోల్టుల డీసీ వైపు నుంచీ కంపారేటర్‌కు వెళ్లే పెద్ద విలువ రెసిస్టర్లు వరసగా కొన్ని ఉంటాయి. 240, 330, 470, 820 కిలోఓంల వంటి విలువలు సాధారణంగా కనిపిస్తాయి. ఎప్పుడూ అధిక వోల్టేజి కింద ఉండటం వల్ల ఇవి బయటికి ఏ మచ్చా లేకుండా విలువ పెరిగిపోతాయి, లేదా ఓపెన్ అవుతాయి. బోర్డు మీద ఉంచే కొలిచినప్పుడు పక్క దారుల వల్ల విలువ తక్కువ చూపవచ్చు, కానీ రాసి ఉన్నదానికంటే గమనించదగినంత ఎక్కువ చూపితే ఆ రెసిస్టరు చెడినట్లే. తక్కువ చూపినప్పుడు మాత్రం ఒక కాలు లేపి మళ్లీ కొలిచి నిర్ణయించండి. ఈ వరసలో ఒక్కటి తప్పినా, ఎంత మంచి ఐజీబీటీ వేసినా బతకదు.

కెపాసిటర్లను కొలవడానికి మైక్రోఫారడ్ రేంజి ఉన్న మీటరు కావాలి. రెజొనెన్స్ కెపాసిటరును ఒక కాలైనా విప్పి కొలవండి, లేకపోతే కాయిల్ అడ్డొస్తుంది. 0.3 అని రాసి ఉన్నది 0.27 కంటే తక్కువ చూపితే నేను ఆలోచించకుండా మారుస్తాను. ఉబ్బినా, పక్కన పగులు కనిపించినా కొలవాల్సిన అవసరం కూడా లేదు. దాని స్థానంలో అదే విలువ, అదే వోల్టేజి, ఇండక్షన్ స్టవ్‌ల కోసమే చేసిన పాలీప్రొపిలీన్ రకం వేయాలి. 5 మైక్రోఫారడ్ల దానిది కూడా ఇదే సంగతి. దొరకలేదని సీలింగ్ ఫ్యాను కెపాసిటరు పెట్టినవారు ఉన్నారు. 50 హెర్ట్జ్‌కు చేసినది ఈ వేగంలోని కరెంటును ఎక్కువకాలం మోయలేదు. పనిలో పనిగా కాయిల్ తీగలను బోర్డుకు బిగించే స్క్రూలను చూడండి. అక్కడ వదులై, చుట్టూ బోర్డు గోధుమ రంగుకు తిరిగి ఉంటే, మీ రోగం అదే కావచ్చు. ట్రాకును గీకి, శుభ్రం చేసి, సోల్డరు నింపి గట్టిగా బిగించండి.

ఇప్పుడు సరఫరా ఇచ్చే దశ. దీనికి సీరీస్ బల్బు తప్పనిసరి: 100 వాట్ల పాత ఫిలమెంటు బల్బును ఫేజు తీగకు వరసలో కలిపిన బోర్డు. ఎల్‌ఈడీ బల్బు ఈ పనికి రాదు. ఐజీబీటీ ఇంకా వేయకుండా, కాయిల్ కూడా విప్పి ఉంచి, కొత్త ఫ్యూజుతో సీరీస్ బల్బు ద్వారా సరఫరా ఇవ్వండి. బల్బు ఒక్కసారి మెరిసి ఆరిపోవాలి, లేదా సన్నగా ఎర్రబడి ఉండాలి. పూర్తి కాంతితో నిలిచి వెలిగితే ఇంకా షార్టు ఉంది, వెంటనే తీసేయండి.

బల్బు ఆరితే, మీటరు నల్ల ప్రోబును 5 మైక్రోఫారడ్ల కెపాసిటరు మైనస్ కాలికి క్లిప్పుతో తగిలించి, ఒక చేత్తోనే మిగతా కొలతలు తీసుకోండి. రెండో చెయ్యి దేనికీ తగలకుండా ఉంచుకోవడం మన పనిలో పాత నియమం. 18 వోల్టుల చోట 17 నుంచి 19 మధ్య, మైక్రోకంట్రోలర్ దగ్గర 5 వోల్టులు స్థిరంగా ఉండాలి. పద్దెనిమిది తక్కువగా ఉంటే, లేదా ఫ్యాను తిరగగానే కిందికి జారితే, చిన్న పవరు సప్లై దగ్గరి ఎలక్ట్రొలైటిక్ కెపాసిటర్లను ముందు మార్చండి. ఆ సప్లైలో చాలాచోట్ల వైపర్12 లేదా దాన్ని పోలిన ఎనిమిది కాళ్ల ఐసీ ఉంటుంది. మీ స్టవ్ విషయంలో ఈ కొలతను నేను అన్నిటికంటే ముఖ్యంగా చూస్తాను. చల్లగా ఉన్నప్పుడు 18 చూపి, పది నిమిషాల తర్వాత 13కు దిగే బోర్డులు ఉంటాయి కాబట్టి, ఒకసారి చూసి వదిలేయకుండా పావుగంట అలాగే ఉంచి మళ్లీ చూడండి. తర్వాత ఖాళీగా ఉన్న గేటు చోట, ఎమిటరు చోటుతో పోల్చి వోల్టేజి చూడండి. స్టవ్ స్టాండ్‌బైలో ఉండగా అది సున్నాకు దగ్గరగా ఉండాలి. అక్కడ పది, పదిహేను వోల్టులు నిలిచి ఉంటే కొత్త ఐజీబీటీని దాచిపెట్టి డ్రైవరు దగ్గరికి తిరిగి వెళ్లండి.

వేడిని కనిపెట్టే థర్మిస్టర్ల గురించి ఒక మాట. గాజు పలక కింద, కాయిల్ మధ్యలో ఒకటి, ఐజీబీటీ దగ్గర ఒకటి ఉంటాయి. ఎక్కువ స్టవ్‌లలో ఇవి 25 డిగ్రీల దగ్గర 100 కిలోఓంలు చూపే రకం. వేడి పెరిగితే విలువ తగ్గుతుంది. మే నెలలో మన గదుల్లో 40 డిగ్రీలు ఉన్నప్పుడు అదే థర్మిస్టరు 50 నుంచి 55 కిలోఓంలు చూపుతుంది. అది చూసి చెడిపోయిందని పారేయకండి. వేళ్ల మధ్య పట్టుకుంటే విలువ నెమ్మదిగా మారుతూ పోవాలి, ఎక్కడా తెగకూడదు. ఐజీబీటీ దగ్గరి థర్మిస్టరు హీట్ సింకును అంటుకునే ఉండాలి. మరమ్మతులో దాన్ని పైకి లేచిపోనిస్తే వేడి సంగతి బోర్డుకు తెలియదు, రక్షణ పనిచేయదు. మీ మెకానిక్ తొందరలో ఇక్కడ పొరపడి ఉండవచ్చు. వేడిని హీట్ సింకుకు చేర్చే పాత పేస్టును తుడవకుండా, స్క్రూ పూర్తిగా బిగించకుండా ఐజీబీటీ వేసినా పావుగంటలోనే పోతుంది. పాత పేస్టు గీకి, పలుచగా కొత్తది రాసి, రేకు మొత్తం హీట్ సింకుకు తగిలేలా బిగించి, ఆ తర్వాతే కాళ్లకు సోల్డరు పెట్టండి.

ఐజీబీటీ కొనేటప్పుడు హెచ్20ఆర్1202, హెచ్20ఆర్1203 వంటివి, అంటే 20 ఆంపియర్లు, 1200 వోల్టుల రకం, లోపల డయోడు ఉన్నది తీసుకోండి. పాత బోర్డుల నుంచి పీకి, పేరు మళ్లీ ముద్రించి అమ్మేవి బజారులో ఉన్నాయి. కాళ్ల మీద పాత సోల్డరు జాడ ఉన్నా, కాళ్లు పొట్టిగా ఉన్నా, అక్షరాలు వేలితో రుద్దితే చెరిగినా వద్దనండి. హైదరాబాద్ వెళ్లే పని ఉంటే కోఠిలోని గుజరాతీ గల్లీలో నాలుగు దుకాణాలు తిరిగి, పోల్చి చూసి కొనుక్కోవచ్చు.

కొత్తది వేసి, కాయిల్ బిగించి, మళ్లీ సీరీస్ బల్బు మీదే మొదలుపెట్టండి. గాజు పలకను పైన ఉంచి, దాని మీద సగం నీళ్లు పోసిన ఇనుప అడుగు గిన్నె పెట్టి మీట నొక్కితే బల్బు వెలుగుతూ ఆరుతూ ఉండి, స్టవ్ తక్కువ వోల్టేజి ఎర్రరు చూపి ఆగిపోతుంది. అలా జరిగితే సంతోషించండి. బల్బు మధ్యలో ఉండగా నీళ్లు కాగవు. మీట నొక్కగానే బల్బు పూర్తి కాంతితో నిలిచిపోతే మాత్రం ఆపేసి కంపారేటర్ రెసిస్టర్లను తిరిగి చూడండి. ఇది దాటిన తర్వాత, గాజు పలకను పూర్తిగా బిగించి, బల్బు తీసేసి, తక్కువ పవరులో ఐదు నిమిషాలు, ఆపైన పూర్తి పవరులో అరగంట నీళ్లు కాచండి.

గిన్నె పెట్టినా పెట్టలేదన్నట్లు ఎర్రరు రావడం, డిస్‌ప్లే వెలగకపోవడం, మీటలు వాటంతట అవే నొక్కుకోవడం వంటివి వేరే రోగాలు. మొదటిదానికి అయస్కాంతం అంటని గిన్నె, తర్వాత స్టవ్ తీసుకునే కరెంటును కొలిచే కరెంటు ట్రాన్స్‌ఫార్మరు, రెజొనెన్స్ కెపాసిటరు కారణాలు. చివరిదానికి లోపలి చిన్న స్విచ్చుల్లో చేరిన తేమ, నూనె కారణాలు. ఈ0, ఈ1 వంటి ఎర్రరు కోడుల అర్థం కంపెనీని బట్టి మారుతుంది కాబట్టి మీ మోడలుతో వచ్చిన పుస్తకాన్నే నమ్మండి.

ఇంటి వైరింగు కూడా ఒకసారి చూసుకోండి. 2000 వాట్లంటే 230 వోల్టుల దగ్గర దాదాపు 8.7 ఆంపియర్లు. 6 ఆంపియర్ల సాకెట్టులోనో, ఎక్స్‌టెన్షన్ బాక్సులోనో పెట్టి వాడితే పిన్నులు కాలి వదులవుతాయి. అక్కడ నిప్పురవ్వలు వచ్చినప్పుడల్లా నడుస్తున్న ఐజీబీటీ మీద దెబ్బ పడుతుంది. ఎర్తింగు ఉన్న 16 ఆంపియర్ల సాకెట్టే వాడండి. వంట అయిపోగానే గోడ స్విచ్చు ఆపేయకుండా, ముందు స్టవ్ మీట నొక్కి, ఫ్యాను తనంతట తాను ఆగే దాకా ఉంచండి. కింద గాలి తీసుకునే జాలీలో బొద్దింకలు, జిడ్డు చేరతాయి. నెలకోసారి ప్లగ్గు తీసి బ్రష్షుతో దులపండి. స్టవ్ కింద గుడ్డ పరచవద్దు.

బోర్డు మొత్తం మార్చడం ఎప్పుడు న్యాయమంటే, బోర్డు బొగ్గులా కాలి ట్రాకుల మధ్య నల్లటి దారి ఏర్పడినప్పుడు, లేదా 5 వోల్టులు సరిగ్గా ఉన్నా మైక్రోకంట్రోలర్ స్పందించనప్పుడు. దాని లోపలి ప్రోగ్రాము విడిగా దొరకదు. అప్పుడు యూనివర్సల్ బోర్డు (వేర్వేరు కంపెనీల స్టవ్‌లకు వేసుకోగల బోర్డు) వేయించుకోవలసి వస్తే, దాని వాట్లు మీ కాయిల్‌కు సరిపోతాయో లేదో, దాని థర్మిస్టరు కూడా 100 కిలోఓంలదేనా అన్నది చూడండి. వీలైతే బోర్డుతో పాటు దానికి జతగా ఇచ్చే కాయిల్‌నే తీసుకోండి, ఎందుకంటే ఆ బోర్డు మీది రెజొనెన్స్ కెపాసిటరును లెక్కగట్టింది ఆ కాయిల్‌కే.